‘మందు మీదున్నాడులే’: ఆ లైసెన్సు ఇచ్చింది మనమే

మొన్న మాఘంలో చిత్తూరు పక్కన ఒక పల్లెలో మా దూరపు బంధువుల ఇంట్లో నిశ్చితార్థం. భోజనాలు సగంలో ఉండగా పెళ్లికూతురి మేనమామ షామియానా కిందికి వచ్చాడు. నడకలోనే విషయం తెలిసిపోయింది. వస్తూనే బావను పట్టుకుని, ఎప్పటిదో గట్టు తగాదా దగ్గర మొదలుపెట్టి, ఇక్కడ రాయలేని మాటలతో కడిగేశాడు. తర్వాత వంతు భార్యది. వడ్డించే కుర్రాడు సాంబారు బకెట్టు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఇద్దరు పెద్దమనుషులు లేచి బావ భుజం మీద చెయ్యి వేశారు. ‘మందు మీదున్నాడులేప్పా, తెల్లారి మాట్లాడదాం’ అన్నారు.

తెల్లారి ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడరని ఆ మాట అన్నవాళ్లకూ తెలుసు, విన్నవాళ్లకూ తెలుసు.

నేను చూసింది ఇంకొకటి ఉంది. తిట్లు మంచి జోరు మీద ఉన్నప్పుడు రెవెన్యూ ఆఫీసులో పనిచేసే ఒకాయన భోజనానికి వచ్చాడు. మన మేనమామకు ఆయన దగ్గర పాస్‌బుక్ పని పెండింగులో ఉందట. నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. ఎగ్గట్టిన లుంగీ కిందికి దిగింది. రెండు చేతులూ జోడించి, ‘రండి సార్, భోంచేద్దురుగాని’ అని, తువ్వాలుతో కుర్చీ తుడిచి మరీ వేశాడు. ఆయన ఆకు ముందు కూర్చుని అటు తిరిగాక, ఇటు మళ్లీ మొదలు.

ఒళ్లు తెలియకుండా తాగిన మనిషికి లుంగీ ఎవరి ముందు దించాలో ఎట్లా తెలిసింది? ఈ ప్రశ్న నన్ను అప్పటి నుంచి వదల్లేదు. ఈ వ్యాసమంతా దాని చుట్టూనే.

మన రాష్ట్రంలో మద్యం మీద జరిగే చర్చంతా సీసా గురించే. పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో దాని ఎత్తివేత, 2019 అక్టోబర్‌లో సర్కారు దుకాణాలు, 2024 అక్టోబర్‌లో మళ్లీ ప్రైవేటు షాపులు, 99 రూపాయల క్వార్టర్. ఇవన్నీ మీకు తెలిసిన సంగతులే, మళ్లీ చెప్పను. ఎవరు అమ్మాలి, ఎంతకు అమ్మాలి, ఏ బ్రాండు అమ్మాలి అనే మూడు ప్రశ్నలతో ముప్పై ఏళ్లు గడిచిపోయాయి. తాగిన మనిషి ఇంటికి వచ్చాక ఏం చేస్తాడు, ఎందుకు అట్లాగే చేస్తాడు అన్నది అసెంబ్లీలో గానీ టీవీ చర్చల్లో గానీ వినిపించిన గుర్తు నాకు లేదు. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టింది అక్కడే. వాళ్ల గొడవ సీసాతో కంటే, సీసా తర్వాత ఇంట్లోకి వచ్చే మనిషితో. ఆ గొడవను మనం తీసుకెళ్లి ఎక్సైజ్ శాఖకు అప్పగించేశాం.

మద్యం ఒంట్లో చేసే పని అందరికీ ఒకటే. నాలుక మొద్దుబారుతుంది, కాళ్లు తడబడతాయి, నిద్ర ముంచుకొస్తుంది. కానీ తాగి ఎవరిని కొట్టాలి, ఎవరి ముందు ఏడవాలి, ఎవరి దగ్గర ‘సార్’ అనాలి అన్నది సీసాలో ఉండదు. క్రెగ్ మెక్‌ఆండ్రూ, రాబర్ట్ ఎడ్జర్టన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1969లో ఈ మాటే చెప్పారు. రకరకాల జాతుల మీద వచ్చిన రికార్డులన్నీ ముందేసుకుని చూస్తే, తాగిన మనిషి ప్రవర్తన ఊరికో తీరుగా ఉంది. ఒకచోట తాగితే కొట్టుకుంటారు, ఒకచోట పాడతారు, ఒకచోట మౌనంగా కూర్చుంటారు. తాగుడు అనేది ఆ సమాజం ఇచ్చే ఒక విరామం, మామూలు కట్టుబాట్లకు కాసేపు సెలవు. అయితే ఆ సెలవుకూ ఒక గీత ఉంటుంది, ఎంత తాగినవాడూ దాన్ని దాటడు. ఆ మేనమామ దించిన లుంగీ ఆ గీతే.

బొలీవియాలో కంబా అనే జనం ఉన్నారు. 1950ల్లో డ్వైట్ హీత్ అనే మానవశాస్త్రవేత్త వాళ్ల మధ్య ఉండి రాశాడు. అప్పట్లో వాళ్లు తాగేది 89 శాతం ఆల్కహాల్. మన బ్రాందీ 42.8 శాతం, అంటే దీనికి రెట్టింపు పైమాటే. పండగలకు, సెలవు రోజులకు గుండ్రంగా కూర్చునేవాళ్లు. గ్లాసు ఒకటే. ఒకరు గ్లాసు నింపి, ఇంకొకరి ఎదుట నిలబడి సగం తాగి, మిగతా సగం వాళ్లకిచ్చేవాళ్లు. అట్లా పడిపోయేదాకా తాగేవాళ్లు. కానీ కొట్లాటల్లేవు, తిట్లు లేవు, తాగుడికి బానిసైన మనిషి హీత్‌కు కనపడలేదు. ఒంటరిగా తాగేవాడే లేడు. ఆ జనం లివర్లు ఏమయ్యాయో అది వేరే కథ, నేనిక్కడ తాగుడికి సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. నేను చెప్పేది ఒక్కటే, తిట్టడం మందు చేసే పని అయితే కంబా ఊళ్లలో తెల్లవార్లూ తిట్లే ఉండాలి.

మన దగ్గర ఈ మాట ఎవరికైనా చెబితే వెంటనే వచ్చే జవాబు, ‘టెన్షన్లన్నా, ఏం చేస్తాడు మనిషి?’ సరే, టెన్షన్ సంగతే చూద్దాం. 2025లో తోతాపురి మామిడికాయ ధర పడిపోయిన సంగతి చిత్తూరు జిల్లాలో ఏ రైతునడిగినా చెబుతాడు. గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ఆపైన ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం కిలోకు 12 అని ప్రకటించారు. ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరి, కాయలు ట్రాలీల్లోనే మెత్తబడ్డాయి. ఆ సీజన్లో తోపుల్లో కాయలతో పాటు ఖాళీ క్వార్టర్ సీసాలు కూడా ఏరాల్సి వచ్చిందని నాకు చెప్పింది కూలికి వెళ్లిన ఆడమనిషే.

అప్పు భార్యాభర్తలిద్దరిదీ. డ్వాక్రా లోను అయితే ఏకంగా ఆమె పేరు మీదే ఉంటుంది. కంతు కట్టలేదని సంఘంలో మాట పడేది ఆమె. పిల్లవాడి ఫీజుకు చెవి కమ్మలు కుదువ పెట్టేది ఆమె. టెన్షన్ వల్లే తాగుతారనేది నిజమైతే సాయంత్రం ఆరింటికి బ్రాందీ షాపు ముందు క్యూలో సగంమంది చీరల్లో ఉండాలి. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలో మగవాళ్లలో 27.3 శాతం తాగితే ఆడవాళ్లలో 1.6 శాతం. కష్టాలు ఈ లెక్కలో పంచుకుంటున్నామని ఏ ఇంట్లోనైనా ఒప్పుకుంటారా? టెన్షన్ ఇద్దరికీ ఉంది, అనుమతి ఒకరికే ఉంది. ఆమె తాగి వచ్చి బావను తిడితే ‘మందు మీదుందిలే’ అనే పెద్దమనిషి ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. అట్లాంటివాడు పుట్టాలని నా కోరిక కాదనుకోండి.

డాక్టర్లు ఒప్పుకోరని తెలుసు. బానిసత్వం మెదడు జబ్బు, దానికి కట్టుబాట్లతో పనేముంది అంటారు. నిజమే, పొద్దున్నే చేతులు వణికే స్థితికి వచ్చినవాడికి నా వ్యాసం ఉపయోగం లేదు. అలాంటివాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయి, లేనివి కనపడతాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఆస్పత్రికే తీసుకెళ్లాలి. అదే సర్వే ప్రకారం అలాంటివాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. ఇంకొందరు ధర పెంచితే చాలంటారు. 2020లో ధరలు పెంచి చూశాం, ఆ ఏడాదే ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి మనుషులు చచ్చిపోవడమూ చూశాం. ఆస్పత్రి కావాలి, ధర మీద అదుపూ కావాలి. అయితే ఆ జబ్బు దాకా వెళ్లే దారిలో మొదటి పదేళ్లు మనిషి నడిచేది మన మధ్యలోనే. నా వాదన ఆ పదేళ్ల గురించి.

అనుమతి తీసేస్తే ఏమవుతుందో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, కార్తీకం వచ్చేదాకా ఆగితే చాలు.

తిరుపతిలో నాకు తెలిసిన ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. ఏడాదిలో పది నెలలు సాయంత్రమయ్యే సరికి క్వార్టర్ పడాల్సిందే. ‘ఇది లేకపోతే నిద్ర రాదన్నా’ అంటాడు. నవంబర్ మధ్యలో అయ్యప్ప మాల వేస్తాడు. అదే ఆటో, అదే ఫైనాన్స్ కంతు, ఇంటికి వెళ్లే దారిలో అదే షాపు. 41 రోజులు చుక్క ముట్టడు. చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, బ్రహ్మాండంగా నిద్ర. నాలుగేళ్లుగా చూస్తున్నాను, ఒక్కసారి తప్పలేదు. భయం వల్ల అంటారు, దేవుడి మహిమ అంటారు. రెండూ కొంత ఉండొచ్చు. నాకు మాత్రం ఇంకొకటి కనిపిస్తుంది. ఆ 41 రోజులు అతన్ని ఎవరూ ‘ఒరేయ్’ అనరు. స్టాండులో తోటి డ్రైవర్లు, గొడవపడే ప్యాసింజరు, చివరికి పెళ్లాం కూడా ‘స్వామీ’ అని పిలుస్తారు. రోజూ గ్లాసు చేతిలో పెట్టి ‘ఒక్క రౌండేరా’ అని ఒత్తిడి చేసే స్నేహితుడే ‘స్వామి ఉన్నాడు, ఇక్కడొద్దు’ అని సీసా దాచుకుంటాడు. ఆ రోజుల్లో అతను కోపంలో ఒక మాట తూలితే ‘మాల మీదున్నాడులే’ అని సర్దిచెప్పేవాడు ఉండడు. ‘మాలలో ఉండి అదేం మాట స్వామీ’ అని నిలదీస్తారు. అనుమతి రద్దయింది, దాని బదులు గౌరవం వచ్చింది. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే పాత స్నేహితులు పార్టీ పెడతారు. ‘41 రోజుల బాకీ’ అని నవ్వుతారు. అతని భార్య ఒకసారి నాతో అంది, ‘సంవత్సరానికి నా కాపురం ఆ నెలా పది దినాలేనన్నా.’

కాణిపాకం సంగతీ ఇంతే. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చెల్లదని మన నమ్మకం, తాగుడు మానతామని ఎక్కడెక్కడి నుంచో వచ్చి ప్రమాణాలు చేస్తారు. కొందరు నిలబడతారు, కొందరు జారిపోతారు. నిలబడిన వాళ్లను గమనించండి, వాళ్ల ప్రమాణం సంగతి ఊరంతటికీ తెలిసి ఉంటుంది. ‘వాడు కాణిపాకంలో ఒట్టేసినాడు, వాడికి పొయ్యొద్దు’ అని నలుగురూ అంటే ఆ ఒట్టుకు కాపలా ఉన్నట్టు. ఆ గుడి కథలో బావి తవ్వింది ముగ్గురు అన్నదమ్ములు, ఒకరు గుడ్డి, ఒకరు మూగ, ఒకరు చెవిటి. తాగి గొడవ చేసే మనిషి ఉన్న ఇంట్లో కూడా ఇట్లాంటి ముగ్గురు ఉంటారు. తండ్రి చూడనట్టుంటాడు, తమ్ముడు మాట్లాడడు, పక్కింటాయనకు వినపడదు. కాణిపాకం వాళ్లకు స్వామి దయ వల్ల లోపం పోయింది, మన ఇళ్లలో ఎవరి దయ కోసం ఎదురుచూస్తున్నామో తెలియదు.

ఇక మన తిరుపతి ప్రత్యేకత, దాచుకుని తాగడం. కొండ మీద మద్యం నిషేధం, అది ఉండాల్సిందే. రైల్వేస్టేషన్ నుంచి అలిపిరి వెళ్లే దారిలో షాపులు ఉండకూడదన్నదీ మంచి నిబంధనే, యాత్రికులు నడిచే దారి అది. దాని వెనక ఒక అలవాటు ముదిరిపోయింది, మనమెవరం తాగమన్నట్టు నటించడం. ఇంట్లో తాగడు, తండ్రి ఉన్నాడు. కాలనీలో తాగడు, పరువు ఉంది. కాబట్టి షాపు పక్క సందులో బైకు స్టాండు కూడా వేయకుండా, ఒక వాటర్ ప్యాకెట్టు, ప్లాస్టిక్ గ్లాసు, పది రూపాయల పకోడీ. క్వార్టర్ అయిదు నిమిషాల్లో లోపలికి. నోట్లో ఒక పాన్ మసాలా, ఇంటికి.

లెక్క వేసి చూడండి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం చొప్పున అందులో అసలు ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు. కల్లులో సుమారు 5 శాతం ఉంటుందనుకుంటే, అంత ఆల్కహాల్ దొరకాలంటే లీటరున్నర కల్లు తాగాలి. లీటరున్నర కల్లు అయిదు నిమిషాల్లో తాగే మొనగాడు ఎవడూ లేడు. మా తాత తరంలో ఈత కల్లు తాగేవాళ్లు. తోపుకు వెళ్లాలి, గీసేవాడు దించేదాకా ఆగాలి, కూర్చుని ముంత పట్టాలి, పక్కన నలుగురు ఉంటారు, ఎవడు ఎన్ని ముంతలు తాగాడో అందరికీ తెలుసు. ఆ రోజులు బంగారమని అనను, కల్లు తాగి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. కానీ దానికి ఒక చోటు, ఒక వేళ, చూసే కళ్లు ఉండేవి. ఇప్పుడు జేబులో పట్టే సీసాకు ఆ మూడూ లేవు.

కట్టుబాట్లకు సెలవివ్వడం మనకు చేతకాదని కాదు. ఏటా మే నెలలో తిరుపతి వీధుల్లోకి వచ్చి చూడండి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం. ఒకరోజు ఒంటికి తెల్ల సుద్ద, ఇంకోరోజు కుంకుమ, మరోరోజు బొగ్గు. వేషం వేసినవాడు నడివీధిలో బూతులు తిడతాడు, తిట్టించుకున్నవాడు నవ్వుతాడు. మగవాళ్లు చీర కట్టుకుంటారు. ఇదంతా ఆడవాళ్లను చెరపట్టిన పాలెగాణ్ని చంపిన అమ్మవారి కోసం. జాతరలో తాగేవాళ్లు లేరని అనడం లేదు, బోలెడంతమంది ఉంటారు. కానీ తిట్టే హక్కు మాత్రం సీసా ఇవ్వలేదు, వేషం ఇచ్చింది. ఎప్పుడు మొదలో ఎప్పుడు ఆఖరో చాటింపు వేసి చెబుతారు. జాతర అయిపోయాక బొగ్గు కడుక్కున్నవాడు అదే తిట్టు తిడితే పళ్లు రాలతాయి. ఆ మేనమామ లైసెన్సుకు ఆ ఆఖరి తేదీ లేదు, 99 రూపాయలు పెడితే రోజూ రెన్యువల్.

ఇక్కడ నాకు ఎప్పటి నుంచో ఉన్న ఒక కడుపుమంట చెప్పుకోవాలి. ఎడిటర్ గారు పక్కదారి పట్టావంటారు, పట్టనీయండి.

తిరుపతిలో సాయంత్రం ఏడింటికి నలుగురు మగవాళ్లు రెండు గంటలు కూర్చుని మాట్లాడుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి? యాత్రికుడికి ఈ ఊళ్లో విష్ణునివాసం ఉంది, శ్రీనివాసం ఉంది, సత్రాలున్నాయి, ఉచిత భోజనం ఉంది. ఈ ఊళ్లోనే పుట్టినవాడికి ఏముంది? యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున నడిచే డాక్టర్లు, లెక్చరర్లు బాగానే ఉన్నారు, వాళ్ల మాటలు నడుస్తూ అయిపోతాయి. హమాలీ పని చేసి వచ్చినవాడి సంగతేమిటి? ఇల్లు పది అంకణాల రేకుల షెడ్డు, లోపల పిల్లలు చదువుకుంటూ ఉంటారు, టీవీలో సీరియల్. టీ బంకు దగ్గర టీ అయిపోగానే ‘జరగండన్నా’ అంటాడు. హోటల్లో బిల్లు ముందే తెచ్చి పెడతాడు. బల్ల ఉండి, ఫ్యాను తిరిగి, పది దాకా ఎవరూ లేవమనని చోటు ఈ ఊరు మొత్తం మీద ఒక్కటే ఉంది, బారు. దానికి టికెట్టు ఒక క్వార్టర్.

మా చిన్నప్పుడు ప్రతి ఇంటికీ అరుగు ఉండేది. ఎండాకాలం పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర 18 రోజులు భారతం జరిగేది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, చివర దుర్యోధన వధ. మనిషికి తెల్లవారేదాకా కూర్చోవడానికి ఒక సాకు ఉండేది. భారతాలు ఇంకా జరుగుతున్నాయి గానీ ఏడాదిలో మిగతా రోజుల సంగతేమిటి? అరుగులు రోడ్డు వెడల్పులో పోయాయి, మిగిలినవి బైకు పార్కింగ్ అయ్యాయి. తమ బాధ తాగకుండా చెప్పుకోవడం మన మగవాళ్లకు రాదని ఆడవాళ్లు వాపోతుంటారు. ఎక్కడ నేర్చుకుంటారమ్మా, కూర్చునే చోటు లేనిదే? ప్రభుత్వ బడి గ్రౌండ్లు సాయంత్రం ఆరింటికి తాళం వేయకుండా రెండు ట్యూబులైట్లు, పది సిమెంటు బెంచీలు, ఒక క్యారమ్ బోర్డు పెట్టి పది దాకా తెరిచి ఉంచమని నగరపాలక సంస్థను అడుగుతున్నాను. మద్యం మీద వచ్చే ఆదాయంలో ఇది లెక్కకు కూడా రాదు. నవ్వుతారని తెలుసు, అయినా అడుగుతున్నాను.

బెంచీలు వచ్చేలోపు ఇళ్లలో ఏం జరుగుతోందో ఒకటి చెబుతాను. పాకాల వైపు ఒక ఊళ్లో నాకు తెలిసిన అక్క ఒకామె రెండు ఆవులు పెట్టుకుని డెయిరీకి పాలు పోస్తుంది. పాల లెక్క రాయడానికి ఒక నోటుబుక్కు ఉంది. తేదీ, పొద్దున ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత. ఒకరోజు ఆ గడుల పక్కన ఖాళీలో, మొగుడు తాగొచ్చి అన్న మాట ఉన్నదున్నట్టు రాసింది. మరుసటి రోజు అతను కాఫీ తాగుతుంటే, తన అత్త ఎదురుగానే, పాల లెక్క చదివినట్టు చదివింది. ‘పదకొండో తేదీ, పొద్దున ఆరున్నర, సాయంత్రం అయిదు, రాత్రి నువ్వు మా నాయన్ని అన్న మాట ఇదీ.’ అతను లేచి వెళ్లిపోయాడట. ఆమె ఆపలేదు. చెయ్యి చేసుకునే మనిషి దగ్గర ఇట్లా చేయమని నేను ఎవరికీ చెప్పను, అక్కడ పోలీసులు, పుట్టిల్లు, 181 నంబరు. ఈ మొగుడిది నోరే.

మానేశాడా అక్కా అని అడిగాను.

‘యాడ మానేదిబ్బా, తాగతానే ఉండాడు. ఇప్పుడు తాగొచ్చి నోరెత్తకుండా పండుకుంటాడు’ అంది. కాసేపాగి, ఆ నోటుబుక్కు డెయిరీ వాళ్లకు చూపించొద్దని, లెక్క వేరే పుస్తకంలోకి ఎక్కించుకోమని రెండుసార్లు బతిమాలాడని చెప్పింది. కొత్త పుస్తకం అతనే కొనుక్కొచ్చాడట. ఆమె ఇంకా పాతదాంట్లోనే రాస్తోంది, పేజీలు చాలా ఉన్నాయని.